పోస్ట్‌డాక్ అంటే ‘ఇంకా చదువే’ కాదు

‘అమ్మాయికి పీహెచ్‌డీ అయిపోయిందండీ. ఇప్పుడు పోస్ట్‌డాక్ అంటోంది. ఇంకా ఎన్నాళ్లు చదువుతుంది?’ అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. పోస్ట్‌డాక్ చదువు కాదు, ఉద్యోగం. ఫీజు కట్టక్కర్లేదు, నెలనెలా జీతం వస్తుంది. రెండు మూడేళ్ల కాంట్రాక్టులో తన పనేమిటో పరిశోధకురాలు లోకానికి చూపించుకోవాల్సిన కాలమిది. సరిగ్గా అప్పుడే ‘స్థిరపడేదెప్పుడు, పెళ్లెప్పుడు’ అంటూ ఫోన్లు చేస్తే ఏ బిడ్డయినా ఎలా పనిచేస్తుంది?

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే కణభౌతికశాస్త్రంలో థిన్ ఫిల్మ్ (పలుచని పొర) డిటెక్టర్ల పనే తీసుకోండి. జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో కణాల జాడ పట్టే సిలికాన్ సెన్సర్లలో చాలావాటి మందం దాదాపు 300 మైక్రాన్లు. వేగంగా దూసుకెళ్లే కణం అందులో మైక్రానుకు 80 దాకా ఎలక్ట్రాన్–హోల్ జంటల్ని పుట్టిస్తుంది. మొత్తం 20 వేలకు పైగా జంటలు, పట్టుకోవడానికి సరిపోయే సిగ్నల్. కానీ సిలికాన్‌తో చాలా వైశాల్యం కప్పాలంటే ఖర్చు ఎక్కువ. పైగా మందం పెరిగేకొద్దీ కణం దారి మళ్లుతుంది. ఇండియం ఫాస్ఫైడ్, కాడ్మియం టెల్యూరైడ్ లాంటి పదార్థాలను పలుచని పొరగా పూసి డిటెక్టర్ చేయగలమా అని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వంటిచోట్ల ప్రయత్నిస్తున్నది అందుకే. పొర 10 మైక్రాన్లయితే సిగ్నల్ చాలా రెట్లు తగ్గిపోతుంది. ఎలక్ట్రానిక్స్ రొదలోంచి దాన్ని వేరుచేయడమే అసలు సవాలు.

ఈ పని ఎక్కువగా చేతులతో చేసేదే. వాక్యూమ్ ఛాంబర్‌లో పొర వేసి, పైన లోహపు కాంటాక్ట్ వేసి, మైక్రోస్కోప్ కింద సూది ఆనించి, వోల్టేజీ పెంచుతూ లీకేజీ కరెంట్ చూస్తారు. పొరలో కంటికి కనపడని చిన్న రంధ్రం ఒక్కటున్నా పై కాంటాక్ట్ కింది కాంటాక్ట్‌కి తగిలి షార్ట్ అవుతుంది. వారం రోజుల శ్రమ పోతుంది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉన్నవాళ్లకే ఈ దారి.

ఇలాంటి పోస్ట్‌డాక్‌కు అర్హత: ఫిజిక్స్, మెటీరియల్స్ సైన్స్ లేదా ఎలక్ట్రానిక్స్‌లో పీహెచ్‌డీ. పీహెచ్‌డీలో చేరడానికి జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలు దారులు.

ఇక జాగ్రత్తల మాట. ఆరో తరగతి పిల్లాడిని ‘ఐఐటీ ఫౌండేషన్’లో పడేసి, ‘సైంటిస్ట్ కావాలంటే ఇదొక్కటే దారి’ అని నమ్మించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో మీ వాడి జేఈఈ ర్యాంకు ఎవరూ అడగరు. చూసేది పీహెచ్‌డీలో ఏం చేశాడు, గైడ్ అతని గురించి ఏం రాశారు అనే. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదివి, మంచి ల్యాబున్న చోట ఎంఎస్సీ చేసినా అక్కడికి చేరవచ్చు.

‘సెర్న్‌కు పంపిస్తాం’ అంటూ డబ్బు అడిగే కన్సల్టెన్సీల గడప తొక్కకండి. సెర్న్ సమ్మర్ స్టూడెంట్ కార్యక్రమానికి ఎంపికైన వాళ్ల దగ్గర ఫీజు తీసుకోరు, ఖర్చులకు సెర్నే డబ్బిస్తుంది. కణభౌతికశాస్త్రంలో పోస్ట్‌డాక్ ప్రకటనలు ఇన్‌స్పైర్ (inspirehep.net) వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. డబ్బు కడితే వారంలో పేపర్ అచ్చేస్తామనే జర్నళ్లు, డబ్బులిచ్చి కొనుక్కునే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు కూడా ఇలాంటి ఉచ్చులే. విషయం తెలిసిన ప్రొఫెసర్ వాటిని చూడగానే పక్కన పెట్టేస్తారు.

సలహా కోసం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి థియరీ మీదే మోజు. నిజంగా గణితంలో మునిగి తేలేవాళ్లను నేను ఆపను. మిగతావాళ్లకు మాత్రం హార్డ్‌వేర్ వైపే వెళ్లమని చెబుతాను. శాశ్వత ఫ్యాకల్టీ పోస్టులు ఎక్కడైనా తక్కువే. ఒకటి రెండు పోస్ట్‌డాక్‌ల తర్వాత ఆ దారి మూసుకుపోవచ్చని ముందే తెలిసి ఉండాలి. థియరీ ఒక్కటే తెలిసినవాళ్లు ఆ వయసులో కొత్త నైపుణ్యం వెతుక్కోవాలి. పొరలు వేయడం, క్లీన్‌రూమ్‌లో పనిచేయడం, సిగ్నల్ కొలవడం వచ్చినవాళ్లకు సెమీకండక్టర్, మెడికల్ ఇమేజింగ్, సోలార్ కంపెనీల తలుపులు ఉంటాయి. చెన్నై దగ్గర ఫస్ట్ సోలార్ ఫ్యాక్టరీలో ప్యానెళ్లు తయారయ్యేది కూడా కాడ్మియం టెల్యూరైడ్ పలుచని పొరతోనే.

కాబట్టి ఎంఎస్సీ సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడకండి. అక్కడి సీనియర్లను కలిసి, ల్యాబులో వాక్యూమ్ పంపు నడుస్తోందా, విద్యార్థుల్ని దాని మీద చెయ్యి వేయనిస్తారా అని అడగండి.