చారిత్రక యాత్ర - బాలల ఉల్లాసం

పాఠ్యభాగ ఉద్దేశం: చారిత్రక ప్రదేశాల సందర్శన పిల్లలకు, కౌమార వయస్కులకు విసుగు కలిగించకుండా ఉల్లాసాన్నీ విజ్ఞానాన్నీ అందించేలా ఎలా తీర్చిదిద్దుకోవాలో తెలియజేయడం.

దేశాటన వల్ల లోకజ్ఞానం అలవడుతుందని పెద్దలు చెబుతారు. అయితే యాత్రకు వెళ్ళిన వారందరికీ ఆ జ్ఞానం కలుగుతున్నదా? శిథిలమైన గోడల ముందు నిలబెట్టి రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు ఏకరువు పెడితే పసివారు ఆకలి అంటారు. కౌమారంలో ఉన్నవారు సెల్‌ఫోనులో తలదూరుస్తారు. కొందరు గోడల మీద తమ పేర్లు చెక్కుతారు. తప్పు వారిది మాత్రమే కాదు. పెద్దలు వారిని చూడమన్నారే గాని, చూడటానికి తగిన పని ఏదీ అప్పగించలేదు.

తిరువూరు నుండి విజయవాడకు సాగే ఒకరోజు యాత్రను ఉదాహరణగా తీసుకుందాం. మైలవరం మీదుగా వెళ్ళే ఆ దారిలో మొదట కొండపల్లి వస్తుంది. 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలంలో వెలసిన కోట అక్కడి కొండపై ఉంది. ఉదయపు చల్లదనంలోనే కోట ఎక్కాలి. శత్రువు ఏ వైపు నుండి రాగలడు? కొండపై ఉన్నవారికి నీరు ఎలా లభించేది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకమంటే యువకులు తామే దారితీస్తారు.

కోట దిగి బొమ్మల తయారీదారుల వద్దకు వెళితే పసివారికి పండుగే. తెల్లపొణికి చెక్కను వేడిచేసి తేమ పోగొడతారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. సున్నం పూసి రంగులు దిద్దుతారు. అంబారీ ఏనుగు రూపొందే తీరు చూసిన బాలునికి వేరే వినోదం అక్కరలేదు. ఆ చెట్టు దొరకని నాడు ఈ జీవనాధారం ఏమవుతుందని పెద్దపిల్లలను అడగాలి.

ఎండ ముదిరే వేళకు విజయవాడలోని బాపూ మ్యూజియం చేరవచ్చు. విక్టోరియా మహారాణి పాలన స్వర్ణోత్సవ స్మారకంగా 1887లో తలపెట్టిన భవనమిది. 1921లో విజయవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి పతాక నమూనాను సమర్పించారు. ఆ ఘట్టానికి వేదికగా ఈ భవనం ప్రసిద్ధి పొందింది. ఆనాటి పతాకాన్నీ, 1947 జూలై 22న ఆమోదం పొందిన పతాకాన్నీ పక్కపక్కన గీయమంటే తేడాలను పిల్లలే గుర్తిస్తారు.

సాయంత్రం కాకముందే, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి చేరాలి. అక్కడి నాలుగంతస్తుల గుహాలయం కట్టినది కాదు, కొండను తొలిచినది. శయనించిన విష్ణుమూర్తి కూడా ఆ రాతిలో భాగమే. గోడ వంకరైతే కూల్చి మళ్ళీ కట్టవచ్చు. ఇక్కడ ఉలి జారితే ఏమి చేయాలి? కొన్ని భాగాలు అసంపూర్తిగా ఎందుకు మిగిలాయి? ఇక్కడ సెల్‌ఫోనును నిషేధించనక్కరలేదు. ఐదు ఛాయాచిత్రాలు తీసి, ఒక్కొక్కదానికి ఒక వాక్యం రాయమంటే అదే సాధనమవుతుంది.

అలసిన పిల్లవానికి అజంతా కూడా అందంగా కనిపించదు. కాబట్టి ఒకరోజులో మూడు నాలుగు ప్రదేశాలే చాలు. మధ్యమధ్య నీడ, నీరు, ఆహారం, ఆటవిడుపు ఉంటే నవోత్సాహం కలుగుతుంది. తరువాత ఏది చూడాలో నిర్ణయించే అవకాశం పిల్లలకూ ఇవ్వాలి.

కేంద్ర రక్షిత కట్టడాలకు హాని చేయడం 1958 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. 2010 సవరణతో రెండేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే శిక్షాభయం కాపలా ఉన్నంతవరకే పనిచేస్తుంది. ఉలి జారితే ఏమవుతుందని ఒక్కసారి ఆలోచించిన విద్యార్థి ఆ రాతిపై తన పేరు చెక్కడు. నేటి బాలల ఉల్లాసమే రేపటి కట్టడాలకు రక్షణ.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. చారిత్రక యాత్రలో పిల్లల ఆసక్తిని నిలిపే మార్గాలను వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కొండపల్లి బొమ్మల తయారీ విధానాన్ని తెలపండి.
2. ఉండవల్లి గుహాలయ విశిష్టత ఏమిటి?

సంధులు
దేశాటన = దేశ + అటన - సవర్ణదీర్ఘ సంధి
నవోత్సాహం = నవ + ఉత్సాహం - గుణసంధి

ప్రాజెక్టు పని
మీ ఊరి సమీపంలోని ఒక ప్రాచీన కట్టడాన్ని సందర్శించి, మీ కంటె చిన్నవారిని అడగదగిన ఐదు ప్రశ్నలు రాయండి.