టెలివిజన్ బోధకుడు – స్థానిక సంఘము
(బిల్లీ గ్రాహం గారి పరిచర్యనుండి ఒక పాఠము)

పాఠ్యభాగము: అపొ. కార్య. 18:24–28
తోడి వాక్యములు: అపొ. కార్య. 17:11, 2 కొరింథీ 8:20–21, హెబ్రీ 10:24–25



అకుల ప్రిస్కిల్లలది వలస కుటుంబము. రోమునుండి వెళ్లగొట్టబడి, డేరాలు కుట్టుకొని బ్రతుకుతూ, కొరింథులో కొంతకాలముండి, తరువాత ఎఫెసులో కాపురమున్నారు. వారి యింటిలోనే సంఘము కూడుకొనేది. ఆ ఊరికి అపొల్లో అనే గొప్ప వక్త వచ్చాడు. ఈ దంపతులు మూడు పనులు చేశారు. ఆయన మాటలు శ్రద్ధగా విన్నారు. విన్నదానిలో కొరతను గుర్తించారు. ఆయనను చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచారు.

మనకిప్పుడు వక్తలు ఇంటిలోనికే వస్తున్నారు. బీదరులో కాపురమున్న మన తెలుగు కుటుంబాలకు టెలివిజన్, సెల్‌ఫోను ద్వారా వచ్చే తెలుగు ప్రసంగము పెద్ద ఆదరణ. బడిలో కన్నడము, బజారులో కన్నడముతో పాటు ఉర్దూ, మరాఠీ వినే మన పిల్లలకు తెలుగులో వాక్యము వినబడేది ఆదివారము కూడికలోనూ, ఆ తెరమీదనే. కాబట్టి దానిని తృణీకరించలేము. అయితే ఆ తెర మన కూడిక స్థానమును తీసుకొంటే ఏమగును? ఈ ప్రశ్నకు టెలివిజన్‌ను తొలినాళ్లలోనే, విరివిగా వాడిన బాప్టిస్టు సువార్తికుని జీవితమునుండి జవాబు వెదకుదాము.

1. ఆయన ఎవరు?

బిల్లీ గ్రాహం గారు 1918 నవంబరు 7న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రములో, పాడి రైతు కుటుంబములో పుట్టారు. పెరిగినది ప్రెస్బిటేరియన్ సంఘములో. 1934లో మార్దికయి హామ్ అనే బాప్టిస్టు సువార్తికుని కూటములలో ప్రభువును అంగీకరించారు. 1938లో ఫ్లోరిడాలో ముంపు బాప్తిస్మము పొందారు. మరుసటి యేట సదరన్ బాప్టిస్టు సేవకునిగా అభిషేకము పొందారు. 1949లో లాస్ ఏంజెలెస్‌లో మూడు వారాలకు ఏర్పాటైన గుడారపు కూటములు ఎనిమిది వారాలు సాగగా, ఆయన పేరు దేశమంతటా తెలిసింది. 1950లో రేడియో పరిచర్య మొదలైంది. 1957లో న్యూయార్క్ కూటములు టెలివిజన్‌లో ప్రత్యక్షముగా ప్రసారమయ్యాయి. 2018 ఫిబ్రవరి 21న, తొంభై తొమ్మిదవ యేట, ప్రభువునందు నిద్రించారు.

2. ఆయన రచనలు

వాటిలో ముఖ్యమైనది 1953లో వెలువడిన 'పీస్ విత్ గాడ్', అనగా దేవునితో సమాధానము. దాని క్రమము సామాన్యుడు కూడ గ్రహించగలిగినది. మొదట మనుష్యుని పాపస్థితి, తరువాత క్రీస్తు చేసిన కార్యము, మారుమనస్సు, విశ్వాసము, నూతన జన్మ. చివర క్రైస్తవుని నడవడి. ఆ చివరి భాగములో సంఘమును గురించి ఒక అధ్యాయము, సమాజముపట్ల విశ్వాసి బాధ్యతను గురించి మరొక అధ్యాయము ఉన్నాయి. తెరమీద ఆయన పిలుపు మాత్రమే చూచినవారు ఈ భాగమును మరువరాదు. పిలుపుతో పని ముగియదని ఆయనే వ్రాశారు. 1975లో దేవదూతలను గురించి, 1977లో నూతన జన్మను గురించి పుస్తకాలు, 1997లో స్వీయచరిత్ర వెలువడ్డాయి.

3. మెచ్చదగిన క్రమశిక్షణ

1948లో మొడెస్టో అనే ఊరిలో ఆయనా, జతపనివారూ కలిసి నాలుగు విషయాలలో తీర్మానము చేసుకొన్నారు: ధనము విషయములో నిజాయితీ, స్త్రీపురుష సంబంధములలో పవిత్రత, స్థానిక సంఘములతో సహకారము, హాజరును ఫలితములను హెచ్చించి చెప్పకుండుట. తరువాత కొద్దికాలానికే కూటముల కానుకను తాను తీసుకొనుట మాని, సంస్థనుండి నిర్ణీత జీతము పుచ్చుకొన్నారు. ఈనాడు మనము కానుక పంపే ఏ బోధకునికైనా ఈ నాలుగు కొలతలు పెట్టి చూడవచ్చును.

ఆయనలో లోపములు లేవని కాదు. 1972లో అధ్యక్షుడు నిక్సన్‌తో మాట్లాడుతూ యూదులను గురించి అనరాని మాటలన్నారు. ఆ రికార్డు 2002లో బయటపడగా క్షమాపణ కోరారు. అధికారుల సన్నిధి సేవకునికి ఎంత శోధనయో దీనివలన తెలిసికొందుము గాక.

4. మన దేశములో, మన జనులలో

1956లో ఆయన మొదట మన దేశమునకు వచ్చారు. 1972లో నాగాలాండ్ బాప్టిస్టుల శతవార్షికోత్సవమునకు కొహిమా వెళ్లారు. 1977లో హైదరాబాదు మొదలైన పట్టణాలలో కూటములు జరిపారు. ఆ సంవత్సరమే నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొంది. ఆయన ఆ ప్రాంతమును స్వయముగా చూచారు. ఆయన సంస్థ అక్కడ ఇండ్లను, ఆరాధనామందిరమును కట్టుటకు సహాయపడింది.

5. మన పితరుల మాదిరి

ఇక్కడ మన సొంత చరిత్రను జ్ఞాపకము చేసికొనుట అవసరము. 1876–78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో వేలమందికి పని కల్పించారు. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చినా, కూటి కొరకు చేరుతారేమోనని, సహాయము సాగినంతకాలము ఇవ్వలేదు. తరువాత ఆయా గ్రామాలను ఎరిగిన తెలుగు బోధకులు ఒక్కొక్కరిని విచారించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు తెలుగు సేవకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా.

సంఖ్య పెద్దదే. అయినను ప్రతి మనిషినీ పేరుపెట్టి ఎరిగిన వారొకరున్నారు. బిల్లీ గ్రాహం గారి కూటములలోను తీర్మానము చేసికొన్నవారి చీటీలను స్థానిక సంఘములకు పంపేవారు. వక్త విత్తుతాడు, నీరు పోయవలసినది పొరుగున ఉన్నవారు.

6. మనకు అన్వయము

తెరమీది బోధకుడు మనకు బాప్తిస్మమియ్యలేడు, ప్రభువు బల్లయొద్ద రొట్టె విరువలేడు. పిల్లకు జ్వరమొస్తే రాత్రివేళ ఆసుపత్రికి తోడు రాలేడు. మన పొరపాటును చూచి ప్రేమతో గద్దించలేడు. మనము కూడికకు రాకపోతే ఆయనకు తెలియదు. ఎదిగిన పిల్లలు విశ్వాసమునుండి తొలగినప్పుడు వారి ఇంటి తలుపు తట్టేది సంఘస్థులే. పెద్ద సంఘాలకు దూరముగా ఉన్న బీదరులో ఒక్క కుటుంబము ఇంట కూర్చుండిపోతే, చిన్న కూడికకు అది పెద్ద లోటు.

కావున వినుడి, పరీక్షించుడి. ఆదివారము కూడిక వేళ మాత్రము తెరను మూయుడి. మొదటి కానుక మనలను కాయు స్థానిక సంఘమునకు చెందనీయుడి. మంచి ప్రసంగము విన్నవారు దానిని బుధవారపు ప్రార్థనలో సహోదరులతో పంచుకొనవచ్చును. అప్పుడు తెర సంఘమునకు పోటీ కాక, సాయమగును.

చర్చించుటకు ప్రశ్నలు

1. అకుల ప్రిస్కిల్లలు అపొల్లోను బహిరంగముగా ఎందుకు ఖండించలేదు?
2. మొడెస్టో తీర్మానములలో మన సంఘ లెక్కలకు ఏవి వర్తించును?
3. మన పిల్లలకు తెలుగు వాక్యము నేర్పుటకు ప్రసంగములతో పాటు మనమేమి చేయవలెను?
4. ఈ నెలలో కూడికకు రాని కుటుంబమేది? వారిని ఎవరు దర్శింతురు?

సంఘమును ప్రేమించి దానికొరకు తన్ను తాను అప్పగించుకొనిన ప్రభువు మనలను ఐక్యముగా నిలుపును గాక. ఆమేన్.