టండ్రా భూములు - మేతపై మంచు మూత

వాన కురిసిన మేత పెరుగునని మీకు తెలియును. చలికాలపు వానవలన పశువులు ఆకలితో చచ్చు ప్రదేశము కూడ కలదు. అది ఉత్తర రష్యాలోని యమాల్ ద్వీపకల్పము. ఇట్టి చెట్లులేని చలి మైదానములను టండ్రా అందురు.

టండ్రాలో అన్నిటికంటె వెచ్చని నెలలో సైతము సగటు ఉష్ణోగ్రత సాధారణముగా 10 డిగ్రీల సెంటిగ్రేడు దాటదు. వేసవిలో పైమన్ను మాత్రమే కరగును. దాని అడుగు నేల ఏండ్ల తరబడి గడ్డకట్టియే యుండును. అందుచే వేళ్లు లోతుకు దిగవు. నీరు ఇంకక పైననే నిలుచును. నాచు, గడ్డి, పొట్టి పొదలు, లైకెను అను పాచివంటి జీవి అచ్చట పెరుగును. లైకెను ఏటికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగును. కనుక ఒకచోట మేత పాడైనచో తిరిగి పెరుగుటకు ఎన్నో ఏండ్లు పట్టును.

యమాల్‌లో నేనెట్సు జాతివారు రెయిన్‌డీరు అను దుప్పిజాతి పశువులను మందలుగా పెంచుచు, మేతనుబట్టి చోటు మార్చుచుందురు. వారికి మాంసము, చర్మపు దుస్తులు, బండి లాగుట అన్నియు వీనివల్లనే. చలికాలమున ఇవి గిట్టలతో పొడిమంచును త్రవ్వి అడుగు మేతను తినును.

2013 నవంబరులో ఆ మంచుపై వాన కురిసెను. పిదప చలి ముదిరి, ఆ నీరు గట్టి మంచుగడ్డయై మేతను మూసివేసినది. గిట్టలు దానిని పగులగొట్టలేకపోయినవి. ఆ చలికాలమున సుమారు 61,000 పశువులు ఆకలితో మరణించినవి. సమీప సముద్రములపై మంచు తగ్గుట ఇట్టి వానలకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

మేత నేలపై ఉండిన చాలదు. పశువు నోటికి అందవలెను.