నక్క ఊళ వినిపించే ఇంట్లో పిల్లలు

శామీర్‌పేట పెద్దచెరువు వైపో, మేడ్చల్ దగ్గర కండ్లకోయ అడవి అంచునో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్ళకు మొదటి చలికాలంలోనే ఈ అనుభవం ఎదురవుతుంది. పొద్దుగూకి దీపాలు పెట్టే వేళ గుట్టల వెనక ఎక్కడో ఒక నక్క గొంతెత్తుతుంది. దాన్ని ఇంకోటి అందుకుంటుంది. ఆ వెంటనే నాలుగు దిక్కుల నుంచీ ఊళలు, వాటికి జవాబుగా వీధికుక్కల మొరుగుడు. పిల్లలు ఆట వదిలేసి ఇంట్లోకి పరుగెత్తుకొస్తారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో తోడేళ్ళా, చిరుతపులా అని మెసేజ్‌లు మొదలవుతాయి. ఆ రాత్రి పిల్లలకు మనం ఏం చెబుతామన్నది చాలా ముఖ్యం. వాళ్ళు ఈ ఊళ్ళో ఎంత నిబ్బరంగా, ఎంత జాగ్రత్తగా పెరుగుతారన్నది సగం అక్కడే తేలిపోతుంది.

ముందు నిజం చెప్పండి. నక్కలు మన కాలనీలోకి రాలేదు, మనమే వాటి మధ్యకు వచ్చాం. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. పండిన ద్రాక్ష గుత్తులంటే నక్కకు ప్రాణం. అందని ద్రాక్ష పుల్లన అన్న కథ మన పిల్లలకు పాఠ్యపుస్తకంలోది. తోటకాపరికి మాత్రం అది రాత్రంతా మేలుకుని కాసుకోవాల్సిన వ్యవహారం. తర్వాత తోటలు ప్లాట్లయ్యాయి. రాజీవ్ రహదారి పొడవునా కాలేజీలు, కంపెనీలు, విల్లాలు లేచాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు హైదరాబాద్ నగరాన్ని చుట్టి వచ్చి, నక్కలు తిరిగే దారులను అడ్డంగా కోసేసింది. అయినా అవి పూర్తిగా పోలేదు. బండరాళ్ళ సందులు, తుమ్మపొదలు, చెరువు శిఖంలో తుంగ, కట్టకుండా వదిలేసిన ప్లాట్లు వాటికి చాలు.

పిల్లలకు నక్కను చూపించడం కన్నా దాన్ని గుర్తుపట్టడం నేర్పించండి. మామూలు వీధికుక్క కన్నా చిన్నది, 8 నుంచి 11 కిలోల బరువుంటుంది. సన్నటి కాళ్ళు, పచ్చటి బూడిదరంగు ఒళ్ళు. తోక కుక్క తోకలా పైకి చుట్టుకోదు, కుచ్చులా కిందికి వేలాడుతుంది, చివర నలుపు. మనిషిని చూడగానే ఆగి, ఒకసారి తిరిగి చూసి, పక్కకు తప్పుకుంటుంది. రేగుపళ్ళ కాలంలో పొద్దునే చెరువుకట్ట మీద నడిస్తే, బాట మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్న రాయి మీద దాని మలం కనిపిస్తుంది. చేత్తో ముట్టుకోకుండా వంగి చూస్తే చాలు: రేగు గింజలు, ఎలుక వెంట్రుకలు, అప్పుడప్పుడూ ఏదో పురుగు రెక్క ముక్క. రాత్రి అది ఏం తిన్నదో అంతా అక్కడ ఉంటుంది. ఆరేడేళ్ళ పిల్లలు దాన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో! పొలాల్లో ఎలుకల్నీ పందికొక్కుల్నీ తిని రైతుకు సాయం చేసే జంతువనీ, గింజల్ని మోసుకెళ్ళి మరోచోట మొలిపిస్తుందనీ అక్కడే చెప్పొచ్చు. పంచతంత్రంలో కరటక దమనకులనే నక్కల కథలు చదివి వినిపించండి, తప్పులేదు. అయితే ఆ జిత్తులన్నీ కథ రాసినాయన ఊహలోవని, బయట తిరిగే నక్కకు కడుపు నింపుకోవడం, పిల్లల్ని సాకుకోవడం తప్ప వేరే కుట్రలేవీ లేవని కూడా చెప్పండి.

ఇక ఒక అలవాటు మానుకోమని ప్రాధేయపడుతున్నాను. అన్నం తినకపోతే "అగో, నక్కొస్తది, జల్ది తిను" అనడం. నాయనమ్మలు, అమ్మమ్మలు ప్రేమగానే అంటారు, ఆ క్షణానికి ముద్ద లోపలికి పోతుంది కూడా. కానీ నక్క నిజంగానే తిరిగే చోట ఆ మాట వేరే పని చేస్తుంది. భయపడిన పిల్లవాడు జంతువు కనబడగానే పరుగు తీస్తాడు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. భయంతో పెరిగిన పిల్లల్లో ఇంకో ప్రమాదం దాగి ఉంది. వాళ్ళు జరిగిన సంగతి దాచిపెడతారు. ఆ మాటకు తర్వాత వస్తాను.

నిజానికి మన పిల్లలకు నక్కతో ఉన్న ముప్పు చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న నక్క మనిషి మీదికి రావడం అరుదు. మన దృష్టి ఎక్కువగా ఉండాల్సింది వీధికుక్కల గుంపుల మీద. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును, 2024 జులైలో మన మేడ్చల్ జిల్లాలోనే జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర బాబును కుక్కలు చంపాయి. ఆ ఇళ్ళలోని తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ సలహా అయినా చిన్నబోతుంది. అయినా చెప్పక తప్పదు: నడక కొత్తగా నేర్చిన పసివాళ్ళను ఇంటి ముందైనా సరే ఒంటరిగా వదలొద్దు. పెద్దన్న ఉన్నాడు కదా అని ఎనిమిదేళ్ళవాడికి అప్పగించొద్దు, వాడూ పిల్లవాడే. నక్క ఊళ విని కిటికీలు మూసుకునే మనం, పగటిపూట గేటు దగ్గర పడుకునే ఎనిమిది కుక్కల్ని పట్టించుకోం. ప్రమాదం ఎటు నుంచి వస్తుందో తల్లిదండ్రుల మనసులో ముందు సరిగా కుదరాలి.

పిల్లలకు నేర్పాల్సిన విద్య చిన్నదే. ఏ జంతువు దగ్గరికి వచ్చినా పరుగెత్తొద్దు. చెట్టులా నిలబడిపో. చేతులు ఒంటికి ఆనించుకో, దాని కళ్ళలోకి చూడకు, అరవకు. అది వాసన చూసి పోతుంది. అది కాస్త దూరం జరిగాక, వీపు తిప్పకుండా మెల్లగా వెనక్కి అడుగులు వేస్తూ పెద్దవాళ్ళ దగ్గరికి రా. ఒకవేళ కింద పడిపోతే, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో మెడా చెవులూ కప్పుకుని బోర్లా పడుకో. మాటలతో చెబితే అక్కరకొచ్చిన వేళ గుర్తుకురాదు. ఇంట్లో ఆటగా ఆడించాలి. నాన్న కుక్కయి దగ్గరికి వస్తాడు, పాప చెట్టవుతుంది. నవ్వు ఆపుకోలేక కదిలితే మళ్ళీ మొదటినుంచి. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఇలా ఆడితే కొన్నాళ్ళకు కాళ్ళకే ఆ బుద్ధి వస్తుంది.

చప్పట్లు కొట్టడం, గట్టిగా కేకలు వేయడం, కర్ర నేలకేసి కొట్టడం పెద్దవాళ్ళ పని. నక్క గేటు దగ్గరికి వచ్చి తచ్చాడుతుంటే మీరు ముందుకు వెళ్ళి, చేతులు పైకెత్తి, గట్టిగా అదిలించండి. అది పారిపోవడానికి ఒక దారి మాత్రం వదలండి. మూలకు నెట్టేస్తే పిల్లి అయినా తిరగబడుతుంది. రాళ్ళు విసరడం, పటాకులు కాల్చి మీద వేయడం వద్దు. మనల్ని చూసి పిల్లలూ అదే నేర్చుకుని, రేపు నిద్రపోతున్న కుక్క మీద విసురుతారు.

ఇప్పుడు దాచిపెట్టడం గురించి. కుక్క గీరిందనో, పిల్లి కరిచిందనో ఇంట్లో చెబితే "ఎందుకు పోయినవ్ దాని దగ్గరికి?" అని ముందు ఒకటి పడుతుందని పిల్లలకు తెలుసు. అందుకని చొక్కా చేతులు కిందికి లాక్కుని ఊరుకుంటారు. రేబిస్‌కు ఆ మౌనం ఒక్కటి చాలు. రోగలక్షణాలు బయటపడ్డాక దాదాపుగా మందు లేదు, ముందే జాగ్రత్త పడితే దాదాపుగా రాదు. ఇంత తేడా మరే జబ్బులోనూ ఉండదేమో. ప్రపంచం మొత్తం మీద రేబిస్‌తో ఏటా సుమారు 59 వేలమంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. మనిషికి సోకే కేసుల్లో 99 శాతం కుక్కల వల్ల. మిగిలిన కొద్దిపాటిలో నక్కలూ ఉన్నాయి. 2024లో ముంబయి ట్రాంబే వైపు మనుషుల మీద పడిన నక్కకు పరీక్ష చేస్తే రేబిస్ ఉన్నట్టు తేలింది. పట్టపగలు మనిషిని చూసి బెదరకుండా, తూలుతూ, నోట చొంగ కారుస్తూ ఎదురొచ్చే నక్కను చూస్తే అదిలించే ప్రయత్నం కూడా చేయకుండా పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి అటవీశాఖకు ఫోన్ చేయమనేది అందుకే. ఆ ఆఫీసు నంబరు కాలనీ గేటు దగ్గర రాసి ఉంచాలి. అవసరం పడ్డాక వెతుక్కోవడం కష్టం.

1885 జులైలో లూయీ పాశ్చర్ దగ్గరికి పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి తల్లి తీసుకెళ్ళింది. మనుషుల్లో ఇంకా రుజువు కాని మందు. పిల్లవాడు బతికాడు. ఆనాటి ఆ తల్లికి ఒక్క ఆశే ఉండింది. మనకు రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది. నగరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉన్నాయి. మీకు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో టీకా ఏ వేళల్లో ఇస్తారో ఈ వారమే కనుక్కుని పెట్టుకోండి. గాయమైతే మొదట చేయాల్సింది కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసి కడగండి, ఎందుకంటే ఏడుస్తున్న బిడ్డ దగ్గర రెండు నిమిషాలు కూడా పదిహేనులా అనిపిస్తాయి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. కండరానికి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో సూదులు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజుది ఉండదు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ గురించి డాక్టరును మీరే అడగండి. కుక్కనైతే పది రోజులు గమనించి చూడమంటారు, అయినా టీకా మొదలుపెట్టడం ఆగకూడదు. నక్క, కోతి లాంటి వాటి విషయంలో ఆ ఎదురుచూపు అసలే లేదు.

ఇదంతా జరగాలంటే బిడ్డ మనకు చెప్పాలి. కాబట్టి ఈ ఒక్క విషయంలో ఇంట్లో తిట్లు ఉండవని మాటివ్వండి. నువ్వే దాని తోక లాగినా సరే, వెళ్ళొద్దన్న చోటికి వెళ్ళినా సరే, చెబితే ఏమీ అనను అని. నిజంగా చెప్పిన రోజున ముఖం చిట్లించకుండా ఆ మాట నిలబెట్టుకోండి. వాడు తర్వాతిసారి చెబుతాడా లేదా అన్నది ఆ రోజే నిర్ణయమవుతుంది.

తిండి సంగతి చూద్దాం. అమెరికాలో నక్కకు దగ్గరి చుట్టం కొయోటీ. షికాగోలో 2000 నుంచీ వాటికి రేడియో కాలర్లు కట్టి అధ్యయనం చేస్తున్నారు. నగరం మధ్యలో ఉన్నా ఎక్కువగా ఎలుకల్లాంటి వాటినే తింటూ, మనుషుల కంట పడకుండా బతికేస్తాయని తేలింది. మనవాళ్ళు వేల కుటుంబాలుగా స్థిరపడిన టెక్సాస్ ఫ్రిస్కోలో మాత్రం 2018 చివర్లో అవి వరసగా నడకకు వెళ్ళినవాళ్ళ మీద పడ్డాయి. ఇలాంటి జంతువు బెదురు పోగొట్టుకోవడానికి మామూలుగా కనిపించే కారణం మనుషుల దగ్గర తిండి దొరకడం. మన దగ్గర ఆదివారం మధ్యాహ్నానికి చికెన్ షాపుల వెనక ఖాళీ ప్లాట్లో ఏం పోగుపడుతుందో అందరికీ తెలుసు. కోళ్ళఫారంలో చచ్చిన కోళ్ళను గోతిలో పూడ్చకుండా గుట్ట పక్కన పారేసేవాళ్ళూ ఉన్నారు. ముందు కుక్కలు, వాటి వెనక నక్కలు, ఒకదాని జబ్బు ఇంకోదానికి. పిల్లలు టిఫిన్ డబ్బాలో మిగిలిన చపాతీ గేటు బయట కుక్కపిల్లకు విసరడం చూసి మురిసిపోతాం. ఆ జాలి మంచిదే. దాన్ని పిల్లలు ఆడుకునే చోటికి, బస్సు ఎక్కే చోటికి దూరంగా ఒక స్థలంలో, పెద్దవాళ్ళ చేత్తో జరిగేలా చూడండి. ఆ కుక్కలకే స్టెరిలైజేషన్, టీకా చేయించమని మున్సిపాలిటీ వెంటపడటం కూడా జాలే. ఇంట్లో పెంచే కుక్కకు ఏటా టీకా వేయించి, చీకటి పడ్డాక కట్ట మీద వదిలేయకుండా ఉంటే సగం బెడద తగ్గుతుంది.

ఎండాకాలంలో జేసీబీలు పునాదులు తవ్వేచోట నక్కల బొరియలు బయటపడతాయి. నాలుగైదు పిల్లలు, కళ్ళు అప్పుడే తెరిచినవి, కుక్కపిల్లల్లాగే ఉంటాయి. మన పిల్లలు వాటిని ఇంటికి తెచ్చుకుంటామని ఏడుస్తారు. తల్లీ తండ్రీ రెండూ కలిసి సాకే జంతువది, అవి దగ్గర్లోనే ఉండి మనం పోయేదాకా కాచుకుంటాయని చెప్పి, పని ఆపించి, అందర్నీ దూరంగా జరపండి. రాత్రికి తల్లి ఒక్కోదాన్నే నోట కరుచుకుని వేరే చోటికి చేర్చుకుంటుంది. తెల్లారినా కదలకుండా ఉంటే అటవీశాఖవాళ్ళకు చెప్పండి. ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అదృష్టం కలిసొస్తుందని నక్క కొమ్ము పేరుతో ఎవరైనా ఏదైనా అమ్మజూపితే, అది పిల్లల ముందే వద్దనండి.

చివరగా స్కూలు బస్సు. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దున ఆరుకు ఇంకా మసక చీకటే. తుంకుంట, గౌడవెల్లి, తుర్కపల్లి వైపు లోపలి రోడ్ల మీద పిల్లలు పొగమంచులో ఒంటరిగా నిలబడి ఉంటారు. కుక్కలు, నక్కలు, వేగంగా వచ్చే లారీలు అన్నీ ఆ వేళకే. బస్సు వచ్చేదాకా ఒక పెద్దమనిషి టార్చితో అక్కడ ఉండాలి. రోజూ ఒకే ఇంటివాళ్ళ వల్ల కాదు. వీధిలో నాలుగు కుటుంబాలు వంతులు వేసుకుంటే, ఒక్కో ఇంటికి వారంలో ఒకటి రెండు పొద్దులకు మించి పడదు.