కారు నిలుపుదలపై దావా: జవాబు గడువు

మన పల్లెలనుండి ఇంగ్లండునకు చదువులకై వెళ్లినవారు పలువురు గలరు. అచ్చట ప్రైవేటు స్థలమున కారు నిలిపినందులకు కంపెనీ కోరు సొమ్ము ప్రభుత్వ జరిమానా కాదు, దానిని కాదనవచ్చును. అయితే న్యాయస్థానమునుండి దావా పత్రము వచ్చిన పిమ్మట ఊరకుండరాదు.

జారీ తేదీకి 5 దినములు చేర్చి, అటుపై 14 దినములలో జవాబీయవలెను. పత్రము అందినదని ఆలోగా తెలిపినచో ఆ గడువు 28 దినములగును. సొమ్ము అధికమనుట మాత్రమే చాలదు. చెమ్స్‌ఫర్డ్ కారు నిలుపుదల వ్యాజ్యమున 85 పౌనులు చెల్లునని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది. "నడపినది నేను కాదు" అన్నను, 2012 నాటి చట్టపు షరతులు నెరవేరినచో కారు ఎవరి పేర నున్నదో వారే బాధ్యులు. బోర్డు కనబడకుండుట, షరతులు అస్పష్టముగా నుండుట వంటివి ఛాయాచిత్రములతో చూపవలెను.

జవాబు లేనిచో, వాది కోరినంతనే, విచారణ లేకుండ తీర్పగును. నెలలోపల చెల్లింపనిచో అది 6 సంవత్సరములు రిజిస్టరులో నిలుచును. అప్పు పుట్టదు, అద్దె యిల్లు దొరకుటయు కష్టము. ఇల్లు మారి, కారు పత్రములలో చిరునామా మార్చుకొననివారికే ఈ చిక్కు ఎక్కువ. దావా పాత యింటికి చేరి, తీర్పు సంగతి పిదప తెలిసినచో, దాని రద్దునకై వెంటనే దరఖాస్తు చేసికొనవలెను.