సర్టిఫికెట్ కోసం వెళ్లకండి, సందేహాల చీటీతో వెళ్లండి

మొన్న ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. అమ్మాయి బీఏ చదివింది, లైబ్రరీ సైన్స్ చేస్తానంటోంది. ఆయనేమో అప్పు చేసైనా అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తానంటున్నారు. "పుస్తకాలు సర్దే పనికి మళ్లీ చదువెందుకండీ?" అన్నారు. అమ్మాయి తల దించుకుంది.

నేను కంప్యూటర్లో ఒక తెలుగు థీసిస్ తెరిచాను. తెర మీద చక్కటి తెలుగే ఉంది. అందులో ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వచ్చాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన వాటికి ఇదే గతి. అందులోని ఏ మాట వెతికినా దొరకదు. శీర్షిక, రచయిత, విషయం, సారాంశం యూనికోడ్ తెలుగులో సరిగ్గా రాసిపెడితేనే అది పాఠకుడికి చేరుతుంది. తెలుగు బాగా వచ్చిన ఈ అమ్మాయి కాక ఆ పని ఎవరు చేస్తారు?

ఇలాంటి పత్రాలను భద్రపరిచి, వెతకడానికి వీలు కల్పించేదే డిజిటల్ రిపాజిటరీ. ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ సాఫ్ట్‌వేర్ ఈ రంగంలో ప్రసిద్ధం. మన పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే శోధ్‌గంగ దాని మీదే నడుస్తోంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన పరిశోధనలకు ఈప్రింట్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడుతోంది. ఈ రంగంలోకి రావడానికి ఏ డిగ్రీ ఉన్నా లైబ్రరీ సైన్స్ కోర్సులైన బీఎల్‌ఐఎస్సీ, ఆపై ఎంఎల్‌ఐఎస్సీ చేయవచ్చు.

డీస్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ప్రాంతాలవారీగా కలుసుకునే సమావేశాలుంటాయి. నేను విద్యార్థులను ముందు అక్కడికే పంపుతాను. 2021లో వచ్చిన డీస్పేస్ 7లో పాత తెరలన్నీ పోయి, ముందు భాగం మొత్తం కొత్తగా వచ్చింది. పాత వెర్షన్ నుంచి మారేటప్పుడు ఎక్కడ చిక్కుపడ్డారో, ఎలా బయటపడ్డారో పనిచేసేవాళ్లు అక్కడ ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తారు. ఆ అనుభవం ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు.

జాగ్రత్తలూ వినండి. డీస్పేస్, ఈప్రింట్స్ రెండూ ఉచితం, వాటి మాన్యువళ్లూ ఉచితమే. వాటిని నేర్పుతామని వేలకు వేలు అడిగేవారిని నమ్మకండి. డబ్బు కడితే చాలు, పరిశోధన పత్రం చదివినట్లు సర్టిఫికెట్ ఇచ్చే సదస్సులున్నాయి. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే ఆ కాగితం తేలిపోతుంది.

ఇందులో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, మొదట్లో కాంట్రాక్టు పనే ఎక్కువ. ఆ సంగతి ఆ తండ్రికీ దాచకుండా చెప్పాను. అయితే ఇష్టంలేని కోర్సుకు అప్పుచేసి కట్టిన ఫీజు కూడా ఉద్యోగానికి హామీ కాదు. అప్పు భారం, ఓడిపోయానన్న అవమానం రెండూ బిడ్డ నెత్తినే పడతాయి. దయచేసి పిల్లలను అలా తరమకండి.

ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. లినక్స్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాథమికాంశాలు నేర్చుకోండి. డీస్పేస్ డెమో సైట్లో ఇరవై తెలుగు పత్రాల వివరాలు ఎక్కించి చూడండి. ఎక్కడెక్కడ ఆగిపోయారో ఒక చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ పట్టుకుని సమావేశానికి వెళ్లి, టీ విరామంలో ఒక్కొక్కటీ అడగండి.