ఇంటి అప్పు – ఇంటిల్లిపాది పని

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13, ద్వితీయోపదేశకాండము 24:6, 10–13, రోమా 13:8.

ముఖ్యసంగతి: దాచిన అప్పు పెరుగును, ఇంటివారందరు ఎరిగిన అప్పు తరుగును.



మన సంఘములలో వివాహమును గూర్చియు, పిల్లల పెంపకమును గూర్చియు పాఠములు జరుగుచుండును. అప్పును గూర్చి మాటలాడువారు మాత్రము అరుదు. ఆదివారమున ప్రక్కప్రక్కనే కూర్చుండి ఆరాధించువారు, సోమవారమున తమ పొరుగువాని గుమ్మమునెదుట ఎవరు వచ్చి నిలుచుందురో ఎరుగక బ్రదుకుచున్నారు. పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున మౌనముగా లేదు. కనుక ఈ నెల పాఠమును, కష్టపడి పనిచేసి అప్పు తీర్చుకొన గోరు కుటుంబముల కొరకు వ్రాయుచున్నాము.

1. ఇంటిలో ఏమున్నది?

ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషాయొద్దకు వచ్చి మొరపెట్టెను. ఆమె భర్త చనిపోయెను, అప్పు చనిపోలేదు. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఈ వృత్తాంతములో మూడు సంగతులు గమనింపుడి.

మొదటిది: తన భర్త దైవభయము గలవాడని ఆమె చెప్పెను, ఎలీషా దానిని కాదనలేదు. కాబట్టి అప్పున్నవాడెల్ల దుబారా మనిషియని మనము తీర్పు తీర్చరాదు. రోగము, కరవు, పని దొరకని నెలలు భక్తుని యింటికిని వచ్చును.

రెండవది: ఆమె తన కష్టమును దాచలేదు. మన యిండ్లలో జరుగునది వేరు. భర్త ప్రోనోటు వ్రాసిన సంగతి భార్యకు తెలియదు. భార్య మెడలోని గొలుసు బ్యాంకులో ఉన్న సంగతి భర్తకు తెలియదు. ఇద్దరును ఒకరినొకరు బాధపెట్టకూడదని దాచుదురు. తుదకు అప్పులవాడు వీధిలో నిలిచి ఇద్దరికిని తెలియజేయును. మొదట చేయవలసిన పని ఇదియే: ఒక రాత్రి పిల్లలు నిద్రించిన తరువాత భార్యాభర్తలు కూర్చుండి, ఉన్న అప్పంతయు ఒకరితో నొకరు చెప్పుకొనవలెను. ఆ రాత్రి నిందలకు తావీయరాదు.

మూడవది: ఎలీషా ఆమెను, ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఒక నూనె కుండ తప్ప మరేమియు లేదని ఆమె చెప్పెను. విడుదల ఆ కుండతోనే మొదలాయెను. కుట్టుమిషను, పాలిచ్చు గేదె, వంటపని ఎరిగిన చెయ్యి, సాయంకాలమున ఖాళీగానున్న రెండు గంటలు – ఇట్టివి మన యిండ్లలోని నూనె కుండలు.

2. అప్పుల పట్టీ

చెప్పుకొనినది కాగితముమీద పెట్టవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) అప్పు తీర్చువానికిని తగును. ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఏ యొక్కరి యింటి కథయు కాదు.

భర్త ఆటో నడుపును. భార్య బట్టలు కుట్టును. ఇద్దరి రాబడి నెలకు 22,000 రూపాయలు. అద్దె, తిండి, బడి, కరెంటు, గ్యాసు, మందులు, అన్నియు కలిపి 17,000. మిగులునది 5,000. అప్పులు మూడు:

పెండ్లికి తెచ్చిన ప్రోనోటు బాకీ 50,000, నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 1,500.

నగలు తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చినది 60,000. సంవత్సరమునకు నూటికి 12. అనగా నెలకు 600.

రోజువారీ ఫైనాన్సు: చేతికిచ్చినది 9,000, రోజునకు 100 చొప్పున 100 రోజులు కట్టవలెను, నెలకు 3,000.

మొత్తము 5,100. మిగులు 5,000. నెలకు నూరు రూపాయలు తక్కువ. ఆ నూరు కిరాణా కొట్టులో బాకీగా చేరును. అది పేరుకొనగా మరల రోజువారీ ఫైనాన్సు తెత్తురు. ఈ కుటుంబము సోమరిది కాదు, త్రాగుబోతుది కాదు. నెలకు నూరు రూపాయల గండితో మునిగిపోవుచున్నది.

మీ పట్టీ వ్రాయునప్పుడు కొట్టు బాకీని, బంధువులయొద్ద తెచ్చిన చేబదులును, పాడుకొనిన చీటీకి ఇంకను కట్టవలసిన వాయిదాలను మరువకుడి. ఇతరుల నోటుమీద మీరు చేసిన హామీ సంతకమును గూడ వ్రాయుడి. సామెతల గ్రంథము హామీని గూర్చి అంత గట్టిగా హెచ్చరించుటకు కారణమున్నది; వారు కట్టని దినమున అది మీ అప్పగును.

3. నూరవ భాగము

యెరూషలేము గోడ కట్టుచున్న దినములలో పేదలు నెహెమ్యాయొద్ద మొరపెట్టిరి. కరవులో ధాన్యము కొరకు పొలములను, ఇండ్లను కుదువపెట్టిరి. రాజునకు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. తమ కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, స్వజనులు. నెహెమ్యా మిక్కిలి కోపపడెను. అయితే తనలో తాను ఆలోచించుకొని, పిమ్మట సభ కూర్చెను. తానును తన బంధువులును అప్పిచ్చినవారమేయని ఒప్పుకొని, పొలములను, ఇండ్లను, తీసికొనుచున్న నూరవ భాగమును తిరిగి యిచ్చివేయుడని వారిని అడిగెను. వారు ఒప్పుకొనిరి.

ఈ నూరవ భాగము నెలకు నూటికొకటి అని వ్యాఖ్యానకర్తలు పలువురు తలంచుదురు. తెలుగువారికి ఆ లెక్క చెప్పనక్కరలేదు. అది మన రూపాయి వడ్డీ. మన పెద్దలు దానిని ధర్మవడ్డీ అందురు. నెహెమ్యా కోపపడిన వడ్డీకి మూడు రెట్లు పై కుటుంబము ప్రోనోటుకు కట్టుచున్నది.

రోజువారీ ఫైనాన్సు సంగతి చూడుడి. తొమ్మిది వేలిచ్చి పదివేలు తీసికొనుట, నూటికి పదకొండు మాత్రమే యని తోచును. కాని అసలు దినదినము తగ్గుచున్నది. యాభైయవ దినమున సగమే చేతనున్నది. సరిగా లెక్కించినయెడల అది నెలకు నూటికి ఆరు రూపాయలకు పైగా, సంవత్సరమునకు నూటికి 75కు పైగా పడును. నూరు రూపాయలు చిన్నవిగా కనబడుటయే దాని వల.

4. ఏది ముందు?

మనకు నోరు పెద్దదిగా నున్న అప్పులవానికి ముందు కట్టుట అలవాటు. ముందు కట్టవలసినది వడ్డీ పెద్దదిగా నున్న అప్పు. తక్కినవాటికి తప్పక కట్టవలసినంత కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయిని దానిమీద పెట్టవలెను.

పై కుటుంబము చేయవలసినది ఇది. ఖర్చులో నూరు రూపాయలు తగ్గించి గండి పూడ్చవలెను. నూరు దినములు రోజువారీ ఫైనాన్సు కట్టి, అది తీరిన మరునాడు క్రొత్తది తేకుండవలెను. అన్నిటికంటె కష్టమైన దినము ఆ మరునాడే. ఏజెంటు తానే వచ్చి క్రొత్త డబ్బు చూపును. ఆ దినమున భార్యాభర్తలు ఒక్క మాటమీద నిలువవలెను.

అప్పుడు దినమునకు నూరు రూపాయలు చేతిలో మిగులును. ప్రోనోటు వడ్డీకి దినమునకు ఏబది తీయుచునే యున్నారు. రెండును కలిపి దినమునకు 150 ఒక డబ్బాలో వేసినయెడల నెలకు 4,500. వడ్డీ 1,500 పోగా మొదటి నెలలో అసలు 3,000 తగ్గును; రెండవ నెలలో వడ్డీయే తగ్గి 1,410 అగును. ఇట్లు 14 నెలలలో ప్రోనోటు తీరిపోవును. వడ్డీ మాత్రమే కట్టుచు పోయినయెడల మూడేండ్లకు 54,000 కట్టియు 50,000 బాకీ అట్లే యుండును. తరువాత ఆ 4,500కు నగల వడ్డీ సొమ్ము 600 చేర్చి బ్యాంకులో కట్టగా, ఇంచుమించు 13 నెలలలో నగలు ఇంటికి వచ్చును. మొత్తము రెండున్నర యేండ్లు.

అయితే అసలులో కొంతకొంతగా జమకట్టుకొనుటకు అప్పులవాడు ఒప్పుకొనవలెను. ముందే పోయి మర్యాదగా అడుగుడి. కట్టినప్పుడెల్ల నోటు వెనుక చెల్లు వ్రాయించుడి. తీరిన దినమున నోటు చేతికి తీసికొనుడి. మూడేండ్లు గడచిన నోటు కోర్టులో చెల్లదులే యని కొందరు ఎదురుచూచుదురు. అప్పుచేసి తీర్చకుండుట భక్తిహీనుల పనియని 37వ కీర్తన చెప్పుచున్నది. కాలదోషము చట్టమునకు గాని మనస్సాక్షికి పట్టదు.

5. తలుపు మూయుట

పాత్రలు తెచ్చిన తరువాత తలుపు మూసికొనుమని ఎలీషా ఆ విధవరాలితో చెప్పెను. లోపల తల్లియు పిల్లలును మాత్రమే. కుమారులు పాత్రలు అందించిరి, తల్లి పోసెను. ఇంటిల్లిపాది పని యనగా ఇదియే. ఎదిగిన పిల్లలకు అప్పు సంగతి మెల్లగా చెప్పిన, వారు పాత్రలు అందింతురు. చెప్పనియెడల సెల్‌ఫోను అడుగుదురు.

మన యిండ్లలో క్రొత్త అప్పు వచ్చు త్రోవ తరచుగా పరువు. అప్పుచేసి క్రిస్మస్ బట్టలు, అప్పుచేసి పుట్టినరోజు విందు, తుదకు అప్పుచేసి కృతజ్ఞత కూడిక! దేవునికి కృతజ్ఞత చెప్పుటకు బిర్యానీ అక్కరలేదు. ఈ మాట పెద్దలును కాపరులును ముందుగా చెప్పవలెను. మూడు వందలమందికి భోజనము పెట్టిన యింటినే వేదికమీద మెచ్చుకొనుచున్నంతకాలము, బీదవాడు ఆ మెప్పు కొరకు నోటు వ్రాయుచునే యుండును.

6. అప్పులవానికిని హద్దున్నది

మోషే ధర్మశాస్త్రము తిరుగటిరాతిని తాకట్టు పట్టరాదనెను; అది జీవనాధారము. తాకట్టు తీసికొనువాడు ఇంటిలోనికి దూరక బయటనే నిలువవలెననెను. బీదవాని దుప్పటి ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి యియ్యవలెననెను. మన దేశపు చట్టములోను ఇట్టి హద్దులున్నవి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారము వంటపాత్రలను, పరుపులను, చేతిపనివాని పనిముట్లను, ఆచారము ప్రకారము స్త్రీ విడువరాని ఆభరణములను కోర్టు జప్తు చేయరాదు. 1976 నాటి చట్టము అప్పుకు బదులుగా వెట్టిచాకిరి చేయించుటను రద్దుచేసెను. బాకీ వసూలు కొరకు బ్యాంకులవారును, ఫైనాన్సు కంపెనీలవారును ఉదయము 8 గంటలకు ముందుగాని, రాత్రి 7 గంటల తరువాతగాని ఫోను చేయరాదనియు, బెదిరింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించెను.

అదే సంవత్సరము మార్చిలో మైక్రోఫైనాన్సు అప్పులకు నియమము వచ్చెను: సంవత్సరమునకు మూడు లక్షలలోపు రాబడిగల కుటుంబము నెలనెలా కట్టు వాయిదాలన్నియు కలిపి ఆ నెల రాబడిలో సగమునకు మించరాదు, గడువుకు ముందే తీర్చినను జరిమానా వేయరాదు. సగము వరకు మనకు క్షేమమని భ్రమపడకుడి. పై కుటుంబము రాబడిలో నాలుగవ వంతు కట్టకముందే తడబడినది.

7. ఇరుగుపొరుగువారి పాత్రలు

నూనె ఆమెది, పాత్రలు పొరుగువారివి. వారు ధనమియ్యలేదు, వట్టి పాత్రలను ఇచ్చిరి. అవి లేనియెడల నూనె నిలుచుటకు చోటులేదు. సంఘము చేయదగినదియు అట్టిదే. లెక్క తెలిసిన సహోదరుడొకడు పట్టీ వ్రాయుటకు కూర్చుండవచ్చును. అప్పులవానియొద్దకు ఒక పెద్ద తోడుగా పోవచ్చును. ఒకరు కుట్టుపని ఇప్పింపవచ్చును. స్త్రీలు పొదుపు సంఘములో చేరవచ్చును. 1992లో నాబార్డు ఇట్టి సంఘములను బ్యాంకులతో జతపరచినది మొదలుకొని, ప్రోనోటు వడ్డీకంటె బహు తక్కువకు అప్పు దొరకు మార్గమేర్పడినది. ఆ డబ్బుతో మూడు రూపాయల బాకీ తీర్చిన లాభము. క్రొత్త సోఫా కొనిన నష్టము.

మరియొక మాట. అప్పు బాధచేత ఇల్లు విడిచి పోవలెననియు, చావవలెననియు తలంచువారు మనలో ఉండవచ్చును. ఆ భర్త చనిపోయినందున అప్పు తీరలేదు. అది భార్యాపిల్లల గుమ్మముననే నిలిచినది. ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈ రాత్రియే ఎవరితోనైనను చెప్పుము. కాపరికి చెప్పుము, స్నేహితునికి చెప్పుము. ఎవరును లేనియెడల ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 నంబరునకు ఫోను చేయుము. రెండున్నర యేండ్లలో తీరు బాకీ కొరకు తండ్రిని గాని తల్లిని గాని పోగొట్టుకొనుటకు ఏ బిడ్డయు ఒప్పుకొనడు.

నూనె నిండిన తరువాత ఎలీషా చెప్పిన క్రమమును మరువకుడి: నూనె అమ్మవలెను, అప్పు తీర్చవలెను, మిగిలినదానితో తల్లియు పిల్లలును బ్రదుకవలెను. ఆశ్చర్యకార్యము జరిగిన యింటిలోను అప్పు ముందుగా తీర్చవలసియే యుండెను. ఒకరినొకరు ప్రేమించుట తప్ప మరి దేనికిని ఎవరికిని ఋణపడియుండరాదని పౌలు రోమావారికి వ్రాసెను. ఆ ప్రేమ బాకీ మాత్రము ఎన్నటికిని తీరదు. దానికి ఏ యింటివారును సిగ్గుపడనక్కరలేదు.

కుటుంబ కూడికలలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి అప్పు మొత్తము ఎంత? భార్యాభర్తలు వేరువేరుగా వ్రాసిన లెక్కలు సరిపోవుచున్నవా?

2. మన అప్పులలో అన్నిటికంటె ఎక్కువ వడ్డీ దేనికి పడుచున్నది?

3. మన యింటి నూనె కుండ ఏది?

4. మన సంఘములో ఏ ఆచారము బీదవారిచేత అప్పు చేయించుచున్నది? దానిని ముందుగా ఎవరు మానవలెను?

5. మనలో అప్పిచ్చువారున్నారా? నెహెమ్యా మన సభకు వచ్చినయెడల మనలను ఏమి అడుగును?